గుచ్చుకునే చోట సుద్దగీత

అమ్మ ట్రంకు పెట్టె మూత తీయగానే కలరా ఉండల ఘాటు ముక్కుకు తగిలింది, దాని వెనకే చాలా ఏళ్లు మడతలో ఉండిపోయిన మల్లుగుడ్డ వాసన. నేను వెతుకుతున్నది నా మూడో తరగతి ప్రోగ్రెస్ రిపోర్టు. చేతికి వచ్చింది లేతనీలం గౌను. ఎనిమిదేళ్ల పిల్లకు సరిపోయే కొలత. చూసిన వాళ్లెవరైనా దాన్ని తిరగేసి మడిచారనుకుంటారు, ఎందుకంటే భుజాల మీద, చంకల పక్కన, నడుము చుట్టూ లోపల ఉండాల్సిన కుట్లన్నీ బయటే ఉన్నాయి, వాటిని కప్పుతూ తెల్ల జిగ్‌జాగ్ లేసు ఉంది. లోపలికి చెయ్యి పెట్టి అంతా తడిమి చూశాను. అరచేతికి ఒక్క పోగు కూడా అడ్డం తగల్లేదు.

నాకిప్పుడు నలభై నాలుగేళ్లు. మూడు నెలల కిందట విజయవాడలో ఒక డాక్టరుగారు నాకు ఆటిజం ఉందని, అది పుట్టుకతోనే ఉందని, ఇన్నాళ్లూ ఎవరూ కనిపెట్టలేదని చెప్పి ఆ మాటే కాగితం మీద రాసిచ్చారు. ఫైల్లో పెట్టడానికి చిన్నప్పటి కాగితాలేమైనా ఉంటే తెమ్మన్నారు, పెట్టె తెరిచింది అందుకే. అసలు ఆయన దగ్గరికి వెళ్లాల్సి రావడానికి కారణం మా ఆఫీసు. దాని పేరు ఇక్కడ అనవసరం. పదిహేడేళ్లు అక్కడ రికార్డు గదిలో పనిచేశాను. ఫైళ్లన్నీ కంప్యూటర్లలోకి ఎక్కాక ఆ గదికి తాళం వేసి నన్ను ముందు హాల్లోకి మార్చారు. టోకెన్ నంబర్లు పిలిచే మైకు, నెత్తి మీద కొట్టుకునే ట్యూబులైటు, వెనక నుంచి వచ్చి భుజం తట్టి పలకరించే జనం. ఎనిమిది నెలలు నెట్టుకొచ్చాను. తొమ్మిదో నెలలో ఒక సోమవారం అందరూ చూస్తుండగా బల్ల కింద దూరి చెవులు మూసుకుని కూర్చున్నాను.

అప్పటి నుంచి సెలవులో ఉన్నాను. గౌను దొరికిన రోజుకి ఆ సెలవు ఇంకో పన్నెండు రోజుల్లో అయిపోతుంది. మా పైఅధికారి మంచి మనిషే. "మీకేం కావాలో ఒక లెటరు రాసివ్వండమ్మా, నా చేతిలో ఉన్నంత వరకు చేస్తాను" అని ఫోన్లో చెప్పారు. నా బండి ఆ లెటరు దగ్గరే ఆగిపోయింది. "గౌరవనీయులైన" అని మొదలుపెట్టి కింద ఏమీ రాయలేక నాలుగు కాగితాలు చింపాను. నాకేం కావాలో నాకు తెలియదు. లెటరు రాయకపోతే మళ్లీ ఆ హాల్లోకే వెళ్లాలి, వెళ్లలేకపోతే ఉద్యోగం మానుకోవాలి. ఆ భయంతోనే గౌను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

మా చిన్నప్పటి తిరువూరు నాకు ముందు చప్పుళ్లుగానూ వాసనలుగానూ గుర్తొస్తుంది, మనుషుల ముఖాలు ఆ తర్వాతే. ఎండాకాలం మామిడికాయల లారీలు మా వీధి మలుపులో బ్రేకు వేస్తే నాకు పళ్లు జివ్వుమనేవి గాని, ఆ లారీలు వదిలిపోయే సొన వాసన కోసం గోడ పక్కనే నిలబడేదాన్ని. పత్తి తీతల రోజుల్లో ట్రాక్టర్ల మీంచి ఎగిరిన దూది రోడ్డు పక్క తుమ్మకొమ్మలకు పట్టుకుని ఉంటే ఏ కొమ్మకు ఎంత అంటిందో రోజూ చూసి ఇంటికొచ్చి చెప్పేదాన్ని, వినేవాళ్లున్నా లేకపోయినా. చింతపిక్కలతో వామనగుంటలు ఆడేటప్పుడు ఏ గుంటలోనైనా ఒక పిక్క ఎక్కువ పడితే మళ్లీ మొదటి నుంచి ఆడాలని పట్టుబట్టేదాన్ని. పిల్లలు విసుక్కుని లేచిపోయేవారు, నేను రెండు వైపులా నేనే అయి పొద్దుగూకేదాకా ఆడుకునేదాన్ని. నాకు బాధగా ఉండేది కాదు. బాధగా ఉందేమోనని అమ్మకు బాధగా ఉండేది.

అమ్మ పెనుగొలను బడిలో టీచరు. రోజూ బస్సులో వెళ్లొచ్చేది. టీచరుగారి అమ్మాయి అంటే నలుగురినీ పలకరించాలి, చర్చిలో ప్రార్థన అయ్యాక పెద్దవాళ్లకు వందనాలు చెప్పాలి. నేను చెప్పేదాన్ని కాదు. "అన్నం తిన్నావా" అని ఎవరైనా అడిగితే మాత్రం ఏమేం తిన్నానో వరసగా చెప్పేదాన్ని, గోంగూర పచ్చట్లో ఉల్లిపాయ ముక్కలు ఏరి కంచం అంచున పెట్టిన సంగతితో సహా. కొందరు నవ్వేవారు. కొందరు పొగరన్నారు. అమ్మకు ఆ రెండోదే ఎక్కువగా చెవిన పడేది.

అన్నిటికంటే పెద్ద రగడ బట్టల దగ్గర. డిసెంబరు వచ్చిందంటే ఇంట్లో బెల్లం పాకం వాసన, నూనెలో పొంగిన అరిసెలు తీసి చెక్కల మధ్య పెట్టి నొక్కే చప్పుడు, కజ్జికాయల అంచులు మడిచే పని నాకు. ఆ పనిలో నన్ను మించిన వాళ్లు లేరు, ఒక్క మడత తేడా రానిచ్చేదాన్ని కాదు. వరండాలో వెదురు బద్దలు కట్టి రంగు కాగితం అంటించిన నక్షత్రం వేలాడుతుంటే దాని కింద నిలబడి మైదా జిగురు వాసన పీల్చేదాన్ని. అదంతా సుఖమే. కష్టం కొత్త గౌనుతో మొదలయ్యేది. నాకు ఏడేళ్లప్పుడు పిన్ని విజయవాడ నుంచి నైలాను గౌను తెచ్చింది, మెడ చుట్టూ లేసు, చేతులకు లేసు. ఆ క్రిస్మస్ ఆరాధనలో రెండో పాట అయ్యేసరికి నేను గౌను విప్పేసి షిమ్మీతో నిలబడి ఉన్నాను. అమ్మ నన్ను బయటికి ఈడ్చుకొచ్చి రెండు వేసింది.

"గుచ్చుతుందమ్మా" అన్నాను.

"ఏం గుచ్చట్లేదు. అందరూ వేసుకోవట్లా?" అంది.

మరుసటి ఏడు అమ్మ రెడీమేడ్ జోలికి పోకుండా మల్లుగుడ్డ కొని సుగుణమ్మత్త దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె మా చర్చి మనిషే. మా వీధి చివర వరండాలో మిషను పెట్టుకుని ఆడవాళ్లకీ పిల్లలకీ కుట్టేది. ఎప్పుడూ నోటి మూల ఒక దారం ముక్క ఉండేది, దాంతోనే మాట్లాడేది. ఆ వరండాలో మిషను నూనె వాసన, గంజి వదలని కొత్తగుడ్డ వాసన. మిషను తొక్కుడు ఒకే లయలో సాగేది, అందుకని ఆ చప్పుడు నాకు పడేది.

"దీనికి ఏది కుట్టించినా పెంట చేస్తది సుగుణమ్మా. అందరిలో నా పరువు తీసింది కిందటేడు" అని అమ్మ ముందే చెప్పింది.

కొలత చూడ్డానికి పైపైన టాకాలు మాత్రమే వేసిన గౌను తొడగగానే నేను ఏడుపు లంకించుకున్నాను. సుగుణమ్మత్త ఊరుకోమనలేదు, బిస్కెట్టు ఇవ్వలేదు, బుగ్గ గిల్లలేదు. గౌను విప్పి, తిరగేసి, మళ్లీ నాకే తొడిగి, బట్టల మీద గీతలు పెట్టే మూడు మూలల సుద్దముక్క నా చేతిలో పెట్టింది.

"ఎక్కడ గుచ్చుతుందో అక్కడ గీత పెట్టు పాపా."

భుజం మీద పెట్టాను.

"ఇంకెక్కడ?"

రెండో భుజం. చంక. మెడ వెనక. పెట్టిన ప్రతిసారీ ఆమె అదే గొంతుతో "ఇంకెక్కడ?" అంటూనే ఉంది. కాసేపటికి ఏడుపు ఎప్పుడు ఆగిందో నాకే తెలియలేదు, గీతలు పెట్టడంలో పడిపోయాను. నీలం గుడ్డంతా తెల్లగా అయింది.

"అది చెప్పినవన్నీ వింటే ఈ జన్మకి గౌను అవదు" అంది అమ్మ.

"అవుద్దిలెండి టీచరుగారు. ఇంకో నాలుగు రోజులు పడుద్ది" అంది సుగుణమ్మత్త, దారం ముక్క ఇటు నుంచి అటు మార్చుకుని.

ఆ క్రిస్మస్‌కి నేను మొదటి ప్రార్థన నుంచి చివరి దీవెన దాకా చాప మీద కదలకుండా కూర్చున్నాను. పాటలన్నీ విన్నాను. అంతకు ముందు ఏళ్లలో పాటలు పాడుతున్నారని తెలుసు గాని ఒక్కటీ విన్నది లేదు, ధ్యాసంతా గౌను మీదే ఉండేది. బయటికొచ్చాక ఒకావిడ "ఏంటి టీచరుగారు, గౌను తిరగేసి తొడిగారా?" అని అడిగింది. అమ్మ ముఖం ఎర్రబడింది. పక్కనే ఉన్న సుగుణమ్మత్త "కొత్త మోడలండి" అనేసి నడిచిపోయింది. మరుసటి ఏడు మా చర్చిలో ముగ్గురు పిల్లలు కుట్లు పైకి, వాటి మీద జిగ్‌జాగ్ లేసుతో గౌన్లు వేసుకొచ్చారు. వాళ్లకు ఏ గుచ్చుడూ లేదు పాపం, మోజు మాత్రమే.

తర్వాత నేను ఆ గౌనుకు అందకుండా ఎదిగాను. సుగుణమ్మత్త మిషను అమ్మేసి వినగడపలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. నేను గుచ్చుకుంటున్నా గుచ్చుకోవట్లేదనడం నేర్చుకున్నాను. ముప్ఫై ఏళ్లకు పైగా ఆ పని ఎంత బాగా చేశానంటే, చివరికి ఎక్కడ గుచ్చుతుందో నాకూ తెలియకుండా పోయింది.

డాక్టరుగారు కాగితం ఇచ్చాక సాయం రాలేదని అనను. గట్టిగా ఊపిరి పీల్చి వదలమన్నారు, వదిలాను. చదువుకోమని పుస్తకమంత అచ్చు కాగితాలు ఇచ్చారు, చదివాను. నాలాంటి వాళ్ల కోసం పెట్టిన ఫోను గ్రూపులో చేర్చారు. చప్పుళ్లు పడని వాళ్ల గ్రూపు అది, రోజంతా టింగు టింగుమంటూనే ఉండేది. ఆ టింగుల నోరు నొక్కి చదువుకున్నాను. అందులో ఇద్దరు ముగ్గురి మాటలు అచ్చం నా మాటల్లాగే ఉన్నాయి, ఆ రోజు ఏడ్చాను. బంధువుల్లో ఒకామె మాత్రం "ఉద్యోగం చేస్తున్నదానివి, నీకేంటే రోగం" అని తేల్చేసింది. ఇంత జరిగినా లెటరు రాయని లెటరుగానే ఉండిపోయింది.

గౌను దొరికిన రెండో రోజు అమ్మా నేనూ ఆటో మాట్లాడుకుని వినగడప వెళ్లాం. సుగుణమ్మత్తకు ఎనభై దాటాయి, ఒక కంటికి శుక్లం తీశారు, రెండోది మసకే. గౌను చేతికిస్తే చూడలేదు, వేళ్లతో భుజం కుట్టు తడిమింది.

"నా కుట్టే ఇది. ఎస్తేరుది కదూ?"

"అవునత్తా. ఇట్లా కుట్టాలని నీకెట్టా తెలిసింది?"

ఆమెకు నా ప్రశ్న అర్థమైనట్టు లేదు. "తెలిసేదేముందే? గుచ్చుతుందన్నావు. గుచ్చుతుందంటే గుచ్చుతుందనేగా. బయటికి తీసేశా."

నా జబ్బు కాని జబ్బు గురించి చెప్పాను. శ్రద్ధగా విన్నది. మందుందా అంది. లేదన్నాను. "మరేం చేస్తారంట?" అంది. ఆమె కూతురు ఇచ్చిన టీ తాగాను.

తిరుగు ఆటోలో పత్తి చేలు దాటాం. అమ్మ రోడ్డు వైపు చూస్తూ అంది. "నాకూ చెప్పావు, గుచ్చుతుందని. నాకే ముందు చెప్పావు. నేను నమ్మలా."

ఇలాంటప్పుడు పర్లేదమ్మా అనాలని నాకు తెలుసు. అనలేదు. అప్పుడు జరిగింది పర్లేదనేది కాదు, దెబ్బలు నిజం. కాని అమ్మ ఆ మాట అన్నందుకు నా గుండెల్లోంచి ఏదో బరువు దిగింది, అదీ నిజమే. ఆ రెండు నిజాలూ అమ్మకు చెప్పాను. అమ్మ కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది.

ఇంటికొచ్చి లెటరు పక్కన పెట్టి తెల్లకాగితం మీద ఆఫీసు హాలు బొమ్మ గీశాను. తలుపులు, బల్లలు, ట్యూబులైట్లు, మైకు. పెన్సిలుతో ఎక్కడ గుచ్చుతుందో అక్కడ గీత పెట్టడం మొదలుపెట్టాను. నెత్తి మీది లైటు. వీపు వెనక దారి. మైకు. మధ్యాహ్నం భోజనాల రద్దీ. ఎవరైనా భుజం తట్టడం. ఐదు గీతలయ్యాయి. వాటి పక్కన ఐదు వాక్యాలు రాస్తే అదే లెటరైంది: లైటు మార్చండి, బల్ల గోడ వారకు జరపండి, భోజనం వేళ అరగంట పాత రికార్డు గది తాళం ఇవ్వండి, అలా. అమ్మ చదివి రెండు అక్షర దోషాలు దిద్దింది. అధికారి ఐదు కోరికల్లో నాలుగిటికి సరేనన్నారు. మైకు ఆపడం కుదరదు, చెవుల్లో ఏమైనా పెట్టుకోండమ్మా అన్నారు. పెట్టుకుంటున్నాను. ఉద్యోగంలో చేరి ఐదు వారాలైంది, బల్ల కిందికి వెళ్లే అవసరం ఇంకా రాలేదు.

మా వీధి చివర వరండా ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్ల కొట్టు. డిసెంబరులో చర్చికి వచ్చే పిల్లలందరి మీదా రెడీమేడ్ గౌన్లే, టాకాలు వేసి తొడిగి చూసే వాళ్లు లేరు. అరిసెలు స్వీటు షాపులో దొరుకుతున్నాయి. నక్షత్రం ప్లాస్టిక్కుది, కరెంటుతో వెలుగుతుంది, దానికి ఏ వాసనా లేదు.

మొన్న ఆదివారం అమ్మ నాకు చుడీదారు కొనుక్కొచ్చింది. మామూలుగా అయితే వేసుకో చూద్దాం అనేది. ఈసారి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కళ్లజోడు పెట్టుకుని, మెడ దగ్గరి లేబులు దారం దారంగా బ్లేడుతో కోసి తీసింది. తర్వాత దాన్ని తిరగేసి నాకిచ్చి తొడుక్కోమంది. రిటైరై పదిహేనేళ్లయినా అమ్మ డబ్బాలో బడి సుద్దముక్కలు ఉంటాయి, వాటిలో ఒకటి నా చేతిలో పెట్టింది. నేను ఎడమ చంక దగ్గర ఒక గీత పెట్టాను.

"ఇంకెక్కడ?" అంది అమ్మ.