మింగేసిన దగ్గు

ఆరేళ్లుగా ఒక మాట నా దగ్గరే ఉండిపోయింది. గుండె మీద బండరాయి అని మొదలుపెడదామనుకున్నాను గానీ అది అబద్ధమవుతుంది. గుండె మీద బండ ఉన్నవాడు నాలాగా మూడు పూటలా తిని, మధ్యాహ్నం కునుకు తీయడు. ఇది చెప్పులో దూరిన ఇసుక రవ్వ లాంటిది. నడవొచ్చు, పరిగెత్తొచ్చు, పక్కవాడికి తెలియదు. ఆగి నిలబడినప్పుడు మాత్రం అక్కడే ఉందని గుర్తొస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇంట్లోవాళ్లకి చెప్పలేనిది మీకు చెప్పగలగడానికి కారణం అంతకంటే గొప్పదేమీ కాదు.

మాది చోడవరం. అప్పటికి నా ఇంజనీరింగ్ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, ఖాళీగా ఉన్నాను. ఖాళీ అంటే జీతానికే. పని బోలెడు. పురిటికి వచ్చిన మా అక్క, పాప పుట్టాక ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పడానికి చేరింది. బావ వైజాగ్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు వచ్చేవాడు. నాన్నకి చెరుకు కోతలు. అమ్మకి మోకాళ్లు. లెక్కన చూస్తే పగలంతా పాప నాది. మా కుక్క కూడా నాదే.

కుక్క పేరు మేనేజరు. నాన్న పెట్టిన పేరు. ఏ పనీ చేయదు, అందరి పనీ చూస్తుంది, మధ్యలో ఊరికే అరుస్తుంది. ఆ రోజుల్లో దానికి కడుపులో ఏలికపాములు పడ్డాయి. తింటోంది, చిక్కిపోతోంది. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి మందు తేవాలి. అదే రోజు పాపకి జలుబు. అక్క బడికి వెళ్తూ, పదకొండింటికి సిరప్ వెయ్యమని చెప్పింది. అమ్మ ఏదో పేరంటానికి వెళ్తూ తన పాత నేతచీరతో పాపని నా ఛాతీకి గట్టిగా కట్టింది. ముందు పాప, కాళ్ల దగ్గర మేనేజరు, నడుమ నేను. స్కూటీ మీద మా ముగ్గుర్నీ చూసి, చెరుకు ట్రాక్టరు తోలుతున్న వాడు కూడా దారి ఇచ్చాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా పశువుల ఆసుపత్రిలో మందు పెద్ద క్యాన్లలో వస్తుంది. సీసా మనమే తీసుకెళ్లాలి. గేదెలు తోలుకొచ్చిన వాళ్లందరి చేతుల్లో బ్రాందీ క్వార్టరు సీసాలు. నేను చదువుకున్నవాణ్ని కదా. ఇంట్లో పాప తాగేసిన పాత సిరప్ సీసా ఒకటి శుభ్రంగా కడిగి పట్టుకెళ్లాను. లేబులు చింపలేదు. చింపాలని తోచలేదు. కాంపౌండరు గరాటు పెట్టి కుక్క మందు అందులో పోసి ఇచ్చాడు. పాప బ్యాగులో పెట్టాను. ఆ బ్యాగులో అప్పటికే పాప జలుబు సిరప్ ఉంది. అదే కంపెనీ, అదే గోధుమరంగు సీసా, అదే లేబులు.

ఇంటి ముందు ఆగాక అసలు చిక్కు వచ్చింది. దిగితే కుక్క పారిపోతుంది, కుక్కని పట్టుకుంటే పాప ఒరిగిపోతుంది. పక్కింటి సత్యవతత్త వరండాలో కుట్టుమిషను ముందు కూర్చుని ఈ సర్కస్ చూస్తోంది.

“ఏరా, పెళ్లవ్వకుండానే సంసారం నెత్తినేసుకున్నావేటి? ఇలా ఇయ్యి గుంటని.”

సత్యవతత్త మాకు చుట్టం కాదు. పిలుపుకే అత్త. మా వీధిలో చంటిపిల్లల గౌన్లన్నీ ఆవిడే కుట్టేది. టేపు పెట్టేది కాదు. పిల్లని ఎత్తుకుని, చంక నుంచి పాదం దాకా తన మోచేతికి ఆనించి చూసుకునేది, అంతే కొలత. అలా వీధిలో ఆవిడ ఎత్తుకోని బిడ్డ లేదు. నేను మేనేజరుని గేటుకి కట్టేలోపు పాప ముక్కు తన పైటచెంగుతో తుడిచింది. గాల్లోకి ఎగరేసింది.

“వెన్నముద్దలాగుంది కదరా. నా దిష్టే తగిలీలాగుంది” అని, తన కంటి కాటుక వేలితో తీసి పాప అరికాలికి చుక్క పెట్టింది. పాపని నా చేతికి ఇచ్చేసి మళ్లీ మిషను తొక్కుకుంది.

లోపలికి వచ్చేసరికి పదకొండు దాటింది. పాప ఏడుపు, మేనేజరు అరుపు, స్టవ్ మీద పాలు. సీసా తీశాను, మూత నింపాను, పాప నోట్లో పోశాను. మొహం వికారంగా పెట్టింది, మింగింది. తరవాత మేనేజరు వంతు. దానికి మందు పట్టించడమంటే మామూలుగా ఇద్దరు మనుషులు, ఒక తువ్వాలు కావాలి. ఆ రోజు నాకి నాకి తాగింది. ఇంకా కావాలన్నట్టు చూసింది. నాకు అక్కడ అనుమానం వచ్చింది. రెండు సీసాలూ నేనే రుచి చూశాను. ఒకటి తియ్యగా, నారింజ వాసనతో ఉంది. రెండోది చేదు. పాపకి పోసింది అదే.

అప్పుడు నేనేం చేశాను? అక్కకి ఫోన్ చేయలేదు. పాపని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తలేదు. ఫోను తీసి వెతికాను. ఆ రకం మందు పిల్లలకి కూడా వేస్తారట, మోతాదు తేడా. ప్రాణానికి ఏమీ కాదన్నట్టే ఉంది. నాకు కావలసిన జవాబు దొరికేదాకా చదివి, దొరకగానే ఆపేశాను. పాపకి ఏమవుతుందోనన్న భయం ముందు వచ్చిందా, తిట్లు పడతాయన్న భయం ముందు వచ్చిందా అని తరవాత చాలాసార్లు నన్ను నేను అడిగాను. రెండోదే. కొంచెమే ముందు. కానీ ముందే.

మధ్యాహ్నానికి పాప వాంతులు మొదలుపెట్టింది. మూడోసారికి వాడిన తోటకూర కాడలా నా భుజం మీద వేలాడిపోయింది. అమ్మ వచ్చింది, అక్క పరిగెత్తుకు వచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఏమైనా మందు వేశారా అని ఆయన అడిగాడు. అందరూ నా వైపు చూశారు. జలుబు సిరప్పే అన్నాను. గొంతు వణకలేదు. జలుబు మందు పడలేదేమో, ఆపేసి చూడండి అని ఆయన ఏవో నీళ్లు తాగించమన్నాడు. ఆయన తప్పేం లేదు. సరైన ప్రశ్నే అడిగాడు. నా నుంచి సరైన జవాబు రాలేదు. మర్నాటికి పాప లేచి కూర్చుంది, మేనేజరు తోక పట్టుకు లాగింది. కథ అక్కడితో అయిపోతే నేను మీకు ఈ ఉత్తరం రాయను. కుటుంబంలో చెప్పుకుని నవ్వుకునే జోకు అయ్యేది.

కానీ డాక్టరు దగ్గరికెళ్లొచ్చిన ఆ సాయంత్రమే అమ్మ దిష్టి తీసింది.

మా వైపు పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పెట్టుకుని పిల్ల చుట్టూ తిప్పి నిప్పుల్లో పడేస్తారు. ఘాటు లేచి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. దగ్గు రాకపోతే తగిలినట్టు. పెరట్లో కుంపటి చుట్టూ నిలబడ్డాం. పాప జలుబు అప్పటికే అమ్మకీ అక్కకీ అంటుకుని ఇద్దరి ముక్కులూ దిబ్బడేసి ఉన్నాయి. మిరపకాయలు పాతవి, మెత్తబడినవి. అయినా కొంచెం ఘాటు వచ్చింది. నా గొంతులో గరగరమంది. దగ్గు సరిగ్గా నోటిదాకా వచ్చింది.

మింగేశాను.

ఎందుకు మింగానో ఆ క్షణంలో నాకు స్పష్టంగా తెలుసు. నేను దగ్గితే దిష్టి కాదు. దిష్టి కాకపోతే ఇంకేదో. ఇంకేదో అంటే ఎవరో ఒకరు బ్యాగు తెరిచి చూస్తారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పాప మీద బెంగ అనుకుని అమ్మ నా వీపు నిమిరింది.

“సూసేవా, ఒక్కలికీ దగ్గు రాలేదు” అంది అమ్మ. “ఇయ్యాల గుంటని ఎవలెత్తుకున్నార్రా?”

“సత్యవతత్త.”

“ఏటన్నాది?”

“వెన్నముద్దలాగుందంది.”

“మరింకేటీ అన్లేదా?”

“నా దిష్టే తగిలీలాగుంది అంది.”

అమ్మ అక్క వైపు తిరిగింది. “ఇన్నావా? తన నోటితోనే అనీసింది.”

“అలాటివేటీ ఉండవే అమ్మా” అంది సైన్సు టీచరు. పాపని దగ్గరికి లాక్కుని, “పోనీలే, ఎందుకొచ్చిన గొడవ. కొన్నాళ్లు ఆవిడ సేతికివ్వకండి” అంది.

ఆ రోజు మొత్తం మీద నేను చెప్పిన నిజం సత్యవతత్త అన్న ఆ మాటొక్కటే. పొల్లు పోకుండా చెప్పాను. అరికాలి చుక్క సంగతి మాత్రం చెప్పలేదు. ఎవరూ అడగలేదు కదా అని అప్పట్లో నాకు నేను సర్ది చెప్పుకున్నాను. బాగానే సర్దుకుంది.

తరవాత జరిగింది పెద్ద గొడవేమీ కాదు. గొడవైతే బాగుండేది, ఎక్కడో ఒకచోట నిజం జారేది. మా వీధిలో ఇలాంటివి నిశ్శబ్దంగా జరుగుతాయి. సత్యవతత్త కనబడితే అమ్మ పాప మీదకి పైట లాగేది. ఎందుకని ఎదురింటావిడ అడిగింది, అమ్మ చెప్పింది. ఆవిడ ఇంకొకావిడకి చెప్పింది. ఎవరూ సత్యవతత్తని ఒక్క మాట అనలేదు. పిల్లల్ని ఎత్తుకోనివ్వడం మానేశారు, అంతే. ఎత్తుకోకపోతే ఆవిడకి కొలత లేదు. కొలత లేకపోతే గౌను లేదు. పాప మొదటి పుట్టినరోజుకి వీధంతా పిలిచాం. ఆవిడని పిలవడం అమ్మ “మర్చిపోయింది”. కొన్నాళ్లకి మిషను వరండాలోంచి లోపలికి వెళ్లింది. ఆ తరవాత ఇల్లు ఖాళీ చేసి, భర్తతో వడ్డాది వెళ్లిపోయింది, తన చెల్లెలి ఊరని. సామాను ఆటో ఎక్కిస్తుంటే నేను వెళ్లి సాయం పట్టాను. మిషను నేనే మోశాను. నా సంస్కారానికి ఆవిడ ముచ్చటపడింది కూడా.

ఇన్నేళ్లలో చెప్పడానికి అవకాశాలు లేక కాదు. ప్రతిసారీ ఒక జోకు అడ్డం వచ్చేది. నేను జోకులేసే మనిషినని అందరికీ తెలుసు. ఎవరైనా ఏడుస్తుంటే నవ్విస్తాను, ఎవరైనా గంభీరంగా మాట్లాడితే గాలి తీసేస్తాను. మంచి గుణమనే అనుకున్నాను. దిష్టి మీద కూడా బోలెడు జోకులేశాను, అమ్మ ముందే. అన్నీ దిష్టి మీదే. ఒక్కటీ సీసా దాకా పోలేదు.

మొన్న ఏదో పని మీద వడ్డాది వెళ్లాను, పాపని వెంటబెట్టుకుని. దానికిప్పుడు బడి బ్యాగు ఉంది, నోరు ఉంది, మావయ్యని పేరుపెట్టి పిలిచే పొగరు ఉంది. యూనిఫాం కోటు ఎక్కడో పట్టి చిరిగింది. ఎవర్నో అడిగితే ఫలానా చోట మిషను ఉందన్నారు. వెళ్తే సత్యవతత్త. చీరలకి ఫాల్సు కుడుతోంది. నన్ను గుర్తుపట్టి నవ్వింది. నా వెనకాల పాపని చూసింది. వెంటనే తల దించేసుకుంది.

“గుంటని అలా అటేపు కూర్సోబెట్టు బాబూ” అంది, గుడ్డ వైపే చూస్తూ. “నా సూపు మంచిది కాదు.”

నేను నవ్వులాటగా ఏదో అనబోయాను. అన్నాను కూడా, ఏమన్నానో గుర్తులేదు. ఆవిడ నవ్వలేదు. చిరుగు కుట్టింది, మొహం ఎత్తకుండానే కోటు నా చేతిలో పెట్టింది. బయట పాప, ఆ మామ్మ నన్ను ఎందుకు చూడలేదు అని అడిగింది.

వీధి నమ్మింది, అమ్మ నమ్మింది, అక్క సగం నమ్మింది. అవన్నీ నాకు ముందే తెలుసు. ఆవిడ కూడా నమ్మిందని తెలియదు. అంటే ఇన్నేళ్లూ ఆవిడ నా బదులు తనని తానే అనుమానించుకుంటూ, ఏ బిడ్డ ఎదురొచ్చినా తల దించుకుంటూ ఉందన్నమాట. ఆ పూటే చెప్పి ఉండొచ్చు కదా? చెప్పొచ్చు. చెప్పలేదు. స్కూటీ స్టార్టు చేశాను. ఇది రాయడం ఆవిడకి చెప్పడంతో సమానం కాదని నాకు తెలుసు. ఆవిడ ఇది చదవదు. చదివినా నన్ను క్షమించాల్సిన అవసరం ఆవిడకి లేదు, అడిగే మొహం నాకు లేదు. ముందు ఈ మాటలు ఒకసారి నా చేతి కింద నుంచి పూర్తిగా బయటికి రావాలి. ఎప్పుడూ సగంలోనే తిరిగిపోయేవి.

పాపకి ఎవరి దిష్టీ తగల్లేదు. కుక్క మందు పోసింది నేను. డాక్టరుకి అబద్ధం చెప్పింది నేను. సత్యవతత్త పేరు చెప్పింది నేను.

ఈ వాక్యాల వెనక ఒక జోకు వేయబోయాను. చెయ్యి ఆగింది. బాగానే ఉంది.