ఇరవై ఎనిమిదిలో దూరిన ఇరవై తొమ్మిది

అది 2009, తమిళనాడులో ఆడి నెల, అంటే ఆషాఢం, గాలుల కాలం. కోవిల్‌పట్టి బస్టాండు దారిలోని నా సైకిల్ షాపు బోర్డు గాలికి ఊగి ఊగి ఊడే దశకు వచ్చింది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్ల సైకిళ్లు, పాలవాళ్ల బరువు సైకిళ్లు, బడిపిల్లల చిన్న సైకిళ్లు అన్నీ నా చేతిమీదుగా పోయేవి. చక్రమన్నాక నాకు తెలియనిది లేదని పొగరుగా ఉండేవాణ్ణి. ఆ పొగరు ఇప్పటికీ కొంచెం ఉంది, దాచడమెందుకు?

ఒక పొద్దున ఎస్తేరు అనే పిల్ల తన సైకిలును భుజాన మోసుకుంటూ వచ్చింది. వాళ్లమ్మ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, అన్న తూత్తుకుడిలో ఓడ పని చేస్తాడు. పిల్ల తాడిచెట్టంత పొడుగు. మామూలు మౌంటెన్ బైక్, అంటే రాళ్లబాటల మీద తొక్కే లావు టైర్ల సైకిలు, ఇరవై ఆరు ఇంచీల చక్రాలతో వస్తుంది. దాని మీద ఎస్తేరు కూర్చుంటే మోకాళ్లు హ్యాండిల్‌కు తగిలేవి. అందుకే వాళ్లన్న పరదేశపు రేవులో ఎవరో వాడి అమ్మేసిన ఇరవై తొమ్మిది ఇంచీల చక్రాల బండి కొని ఓడలో తెచ్చిచ్చాడు. మా జిల్లాల్లో అలాంటిది నేను చూడటం అదే మొదలు. చూసిన రోజే నేనూ ఒక చుట్టు తొక్కాను. చిన్న చక్రం గుంటలోకి దిగి ఎక్కుతుంది, ఇదేమో గుంట అంచు మీదినుంచి అవతలి అంచుకు పోతుంది! కిందున్నది మా ఊరి రోడ్డేనా అని అనుమానం వచ్చింది నాకు.

ఇప్పుడు ఆ బండి ముందు చక్రం అప్పడంలా వంకర తిరిగి ఉంది. సాధన చేస్తూ కల్వర్టు గోడకు కొట్టిందట. ఆదివారం విరుదునగరం బయట పాత క్వారీలో పోటీ. అందులో గెలిచిన పిల్లను రాష్ట్ర పోటీకి తీసుకుంటారు.

"ఈ తూరి పోతే నాకు మళ్లా లేదు అణ్ణాచ్చీ. వచ్చే ఏటికి వయసు దాటిపోతాది," అంది. మా వైపు అన్నను అణ్ణాచ్చీ అంటారు.

రిమ్ అంటే టైరు కూర్చునే ఇనుప వలయం. దాన్ని సాగదీసి, కొట్టి, స్పోకులు బిగించి చూశాను. ఒకచోట చీలిపోయింది కూడా. ఇక లాభం లేదు, కొత్త రిమ్ కావాల్సిందే. మన దేశంలో పెద్ద సైకిలుకున్నది ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది ఎక్కడినుంచి వస్తుంది? మదురైలో నేను సరుకు తెచ్చుకునే డీలరుకు ఫోన్ చేస్తే, అంత పెద్ద రిమ్ ఇండియాలోనే లేదు, ఎందుకయ్యా ప్రాణం తీస్తావు అన్నాడు. పిల్లకు అదే చెప్పాను. ఆమె ఏడవలేదు. స్టూలు మీద కూర్చుని ఆ వంకర రిమ్‌నే చూస్తూ ఉండిపోయింది. ఏడ్చినా బాగుండేది నాకు.

ఏదో ఒకటి చెయ్యకపోతే ఊపిరాడేట్టు లేదు. పాలవాడి సైకిలు రిమ్ ఒకటి దించాను. దాని మీదికి ఈ టైరు వదులుగానైనా ఎక్కుతుందేమో, లోపల గుడ్డో రబ్బరో చుట్టి బిగించవచ్చునేమో అని మొండి ఆశ. టైరు వదులవడం సంగతి అటుంచండి, ఎక్కనే ఎక్కలేదు! లివర్లు పెట్టి తన్నిపెట్టినా ఎక్కదే. ఇరవై తొమ్మిది టైరు ఇరవై ఎనిమిది రిమ్‌కు బిగుతు కావడమేమిటి? కోపంతో వంకర రిమ్ తెచ్చి దాని మీద పడేశాను. అది ఠప్‌మని ఇరవై ఎనిమిది లోపలికి దిగి నేల మీద పడింది.

ఎస్తేరు లేచి నిలబడింది. నేను వంగి రెండు రిమ్ముల మధ్య ఖాళీ చూశాను. అప్పుడు వెలిగింది. ఆ అంకె రిమ్‌ది కాదు, టైరును కూడా కలుపుకున్న కొలత! లావు టైరు పైకీ కిందికీ ఎక్కువ చోటు తినేస్తుంది కాబట్టి లోపలి రిమ్ చిన్నదే. పాలవాడి టైరు సన్నం, రిమ్ పెద్దది. ఇక షాపులో ఉన్న రిమ్ములన్నీ దించాం. ఒక్కొక్కటే వంకరదాని మీద పెట్టి చూశాం. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆఖరికి గోడకు తగిలించిన హైబ్రిడ్ సైకిలు, అంటే రోడ్డు మీద తొక్కే సన్న టైర్ల రకం, దాని చక్రం దించి, టైరు విప్పి, వంకరదాని మీద పెట్టాను. అంచుకు అంచు కూర్చుంది! అక్కడున్న రిమ్ములన్నిటిలోకీ సన్నదే మా లావు టైరుకు సరిజోడు.

అయితే అది విరుదునగరం సారుది. బ్యాంకులో పనిచేసి రిటైరైనవాడు, రోజూ పొద్దున తొక్కే మనిషి, సర్వీసుకు ఇచ్చిపోయాడు. మొహమాటపడుతూ ఫోన్ చేసి సంగతి చెప్పాను. రిమ్ విప్పుతాను, పోటీ కాగానే మళ్లీ కట్టి ఇస్తాను, రాళ్లలో సొట్టపడినా పడవచ్చు అని దాచకుండా చెప్పాను.

"సన్న రిమ్ము గదా తమ్ముడా, రాళ్లలో విరిగి పిల్ల పడితే ఎట్ల?" అన్నాడు సారు.

నా భయమూ అదే. స్పోకులు ఒక్కటీ వదలకుండా బిగిస్తాను, గాలి కొంచెం ఎక్కువ పెడతాను అన్నాను. సరే, కానీ ఆదివారం నేనూ వచ్చి చూస్తాను అన్నాడు.

ఎస్తేరు బండి హబ్ చుట్టూ, అంటే చక్రం నడిమి ఇరుసు చుట్టూ, సారు రిమ్ కట్టాను. అదృష్టం, రంధ్రాలు సరిపోయాయి. బ్రేక్ డిస్క్ రకం, హబ్ దగ్గరే పట్టేది, కాబట్టి రిమ్‌తో దానికి పేచీ లేదు. ఇక ట్రూయింగ్. చక్రం అటూ ఇటూ ఊగకుండా స్పోకులు సరిచేయడాన్ని అలా అంటారు. ఒక్కో స్పోకునూ వేలితో మీటి చూస్తూ బిగించాను.

ఆదివారం క్వారీలో చివరి చుట్టు. కంకర తవ్వి వదిలేసిన పల్లం, అడుగంతా పదునైన రాళ్లు. ముందున్న ఇద్దరు పిల్లలు సైకిళ్లు దిగి తోసుకుంటూ పోతున్నారు. వెనక ఎస్తేరు వస్తోంది. దిగు తల్లీ దిగు అని నేను లోలోపల మొత్తుకుంటున్నాను. సారు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆమె దిగలేదు. ఆ పెద్ద చక్రం మొదటి రాయి ఎక్కింది, రెండోదాని మీదికి పోయింది, ఎగిరింది, దిగింది, సాగింది! ఇద్దరినీ దాటేసి గట్టెక్కి గీత దాటేసరికి సారూ నేనూ చిన్నపిల్లల్లా గెంతుతున్నాం.

రాష్ట్రానికి ఎస్తేరే అని మైకులో చెప్పారు. నేను ఆ మాట పూర్తిగా వినకుండానే పరుగెత్తి ముందు చక్రం ఎత్తి తిప్పాను. నిటారుగా తిరిగింది. రాళ్లలో చక్రం ఎట్లా ఉంది, భయమేసిందా అని అడిగాను.

"చక్రం నెనపే రాలేదు అణ్ణాచ్చీ," అంది, మూతి తుడుచుకుంటూ.

చక్రం సంగతే గుర్తు రాలేదట! నా పనిలో అంతకు మించిన మెప్పు నాకు ఇంతవరకు దొరకలేదు. ఇరవై ఎనిమిది కంటే ఇరవై తొమ్మిది పెద్దదని చిన్నప్పుడే బళ్లో నేర్పారు, అది తప్పని నేననను. కానీ ఆ ఆడి నెల తర్వాత, ఎవరు ఏ చక్రం తెచ్చినా, ఇనుము మీద ఇనుము పెట్టి చూడకుండా నేను "దొరకదు" అనలేదు.