నేను వెళ్లని ఆరు వారాలు

దయ్యం, గాలి, ధూళి అని ఎవరైనా మొదలుపెడితే లేచి వంటింట్లోకి పోయే రకం నేను. మహారాష్ట్ర అంచున, రెండు నదులు కలిసేచోట ఉన్న మా సిరోంచలో అలాంటి కథలకు కొదవ లేదు. చిన్నప్పటి నుంచి విన్నాను, ఒక్కటీ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. నమ్మనిదాన్ని ఇది ఎందుకు చెబుతున్నానంటే, జరిగింది నాకే కాబట్టి.

ఎనభైల మధ్య మాట. నాగపూర్‌లో బిజినెస్ మేనేజ్‌మెంట్‌లో పీజీ చదువుతున్నాను. మా కాలేజీ ఆ ఏడు ఎనిమిది మందిని ఇంగ్లాండ్‌లో ఒక వేసవి కోర్సుకు పంపుతోంది. ఆరు వారాలు. వాళ్లకు వేసవి అంటే మనకు నడి వానాకాలం. ఆ ఎనిమిది మందిలో నేనొకదాన్ని.

మా నాన్న, బాపు, ఒప్పుకున్నట్టు తహసీల్ ఆఫీసు ముద్రతో కాగితం తెమ్మన్నారు కాలేజీవాళ్లు. అందుకని జూన్ చివర్లో ఇంటికి వచ్చాను. బాపు రెండు రోజులు ఆ కాగితం ముట్టలేదు. మూడో రోజు సంతకం పెట్టి, "ఈ ఒక్కసారి పో బిడ్డా. వచ్చినంక పెండ్లి. మళ్ల బయటికి పోత అని అడగొద్దు" అన్నాడు. సరేనన్నాను. ఆరు వారాలకు నా జన్మంతా ఇచ్చేసినట్టే, అయినా ఆరు వారాలు దొరికాయి కదా అనుకున్నాను.

బయలుదేరే ఉదయం పక్కింటి మెహరున్ ఖాలా నా కుడి చేతికి ఇమామ్ జామిన్ కట్టింది. ఆకుపచ్చ గుడ్డలో నాణెం పెట్టి కుట్టి, దూరం పోయేవాళ్లకు కడతారు. క్షేమంగా చేరాక విప్పి, ఆ నాణెం బీదవాళ్లకు ఇవ్వాలి. హిందువులం, ముస్లింలం అని లేదు, మా వాడలో ఎవరు దూరం పోయినా ఖాలా కట్టాల్సిందే.

బస్సు రెండు గంటలు పోయిందో లేదో వాన అందుకుంది. ముందు వాగు పొంగింది. వెనక్కి తిప్పితే, అప్పుడే దాటి వచ్చిన వాగు కూడా పొంగింది. రెండు వాగుల మధ్య అడవిలో రెండు పగళ్లు, రెండు రాత్రులు. డ్రైవర్ బీడీల మీద బీడీలు కాల్చాడు. నేను తారీఖులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మూడో రోజు వెనక వాగు తగ్గితే బస్సు మళ్లీ సిరోంచకే వచ్చింది.

ప్రాణహితలో పడవలు ఆపేశారు. పోస్టాఫీసు ఫోను మూగబోయింది. అటు గోదావరి, ఇటు ప్రాణహిత, మిగతా దిక్కున వాగులు. బొంబాయిలో విమానం ఎక్కాల్సిన రోజున నేను మా ఇంటి అరుగు మీద కూర్చుని వాన చూశాను. ఏడవలేదు. ఎవరినైనా కొట్టాలనిపించింది.

ఇంటికి రాగానే చేతి గుడ్డ విప్పబోతే ఖాలా పట్టుకుంది. చేరకుండా విప్పకూడదట. రేపో మాపో దారి పడుతుంది, కట్టి ఉండనీ అంది. అలాగే ఉంచాను.

అక్కడ క్లాసులు మొదలయ్యే సోమవారం వచ్చింది. పొద్దున అమ్మ, "పోనీలే, నీ నొసట లేదు" అంది. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. వానలోనే మసీదు దాకా పోయి, ఖాలా వెనకాల వస్తున్నా వినకుండా గుడ్డ తెంపి, మెట్ల మీద కూర్చునే గుడ్డి తాత చేతిలో నాణెం పెట్టాను.

"జర ఆగు బేటీ! నువ్వింక తొవ్వల్నే ఉన్నవ్."

"చేరిన అనుకో ఖాలా. ఇగో, ఇంగ్లాండ్ చేరిన. ఇగ నన్ను పరేషాన్ చెయ్యకు."

ఖాలా ఇంటిదాకా నా పక్కనే నడిచింది, నా మొహం వైపు మాత్రం చూడలేదు.

ఆ తర్వాత ఆరు వారాలు నాకు సరిగా గుర్తు లేవు. నా జ్ఞాపకశక్తి మీద నాకు గర్వం, చిన్నప్పటి పాఠాలు ఇప్పటికీ అప్పజెబుతాను. ఆ రోజులు మాత్రం వాన చప్పుడు తప్ప ఏమీ లేవు. అమ్మ నాకు కంచం పెట్టడం మరిచిపోయేది. ఒకసారి కాదు, చాలాసార్లు. బాపు నేనున్న గదికి బయట గొళ్లెం పెట్టి పొలం పోయాడు, లోపల ఎవరూ లేరనుకున్నానన్నాడు. మధ్యాహ్నం దాకా తలుపు కొట్టాను. అమ్మ వాకిట్లోనే బియ్యం ఏరుతోంది. వినిపించలేదట.

ఆగస్టు చివర్లో దారి తెరుచుకుంది. క్షమాపణలు ఎలా చెప్పాలో బస్సులో పాఠంలా వల్లెవేసుకుంటూ నాగపూర్ చేరాను.

హాస్టల్‌లో నా గదిలో ఉండే సునంద కూడా ఆ కోర్సుకు పోయివచ్చింది. నన్ను చూసి, ఎప్పుడు దిగావు అంది. ఇప్పుడే అన్నాను. అక్కడ ఎలా ఉందే అని అడిగితే వెటకారమనుకుని విసుక్కుంది. ఆరు వారాలూ పక్క మంచం మీద పడుకున్నదానివి నన్నడుగుతావేంటి అంది.

తర్వాత తను చెప్పింది ఇది. వాళ్లు నేను లేకుండానే విమానం ఎక్కారు. సోమవారం మొదటి క్లాసు సగంలో నేను తలుపు తీసుకుని లోపలికి వచ్చాను. జుట్టు తడిసి ఉంది. నదులు పొంగి ఆలస్యమైందన్నాను. వెనక విమానంలో వచ్చి ఉంటానని అందరూ అనుకున్నారు.

నేను నవ్వాను. సునంద అక్కడ తీసిన గ్రూపు ఫోటో తెచ్చింది. రెండో వరుస చివర నేనున్నాను. పోలిక అనుకుందామంటే, వాళ్లను తీసుకెళ్లిన ప్రొఫెసర్ గారి దగ్గర హాజరు పట్టీ ఉంది. ఆరు వారాలూ రోజూ సంతకం, తెలుగులో. ఆ ఎనిమిది మందిలో తెలుగు రాయడం వచ్చింది నా ఒక్కదానికే. నా పాస్‌పోర్టులో ఒక్క ముద్ర లేదు. అది నా పెట్టెలోనే ఉంది.

నేను రాలేదని ప్రొఫెసర్ గారికి చెప్పబోయాను. ఆయన నవ్వి సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. తీసుకున్నాను. అది తప్పే. కానీ ఏమని చెప్పను?

హాస్టల్ వదిలి వెళ్లేముందు సునందను ఒక్కటే అడిగాను: నేను అక్కడ ఎలా ఉన్నానని. చాలా నవ్వేదానివి, నిన్నలా ఎప్పుడూ చూడలేదు అంది. తిరిగి వచ్చే రోజు మాత్రం అక్కడి విమానాశ్రయం గేటు దగ్గర ఆగిపోయానట. మీరు పదండి, నేను వెనక వస్తాను అన్నానట. ఎంతసేపు చూసినా విమానం ఎక్కలేదట.

ఇచ్చిన మాట ప్రకారం ఆ ఏడే పెళ్లి చేసుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత, మా పిల్లలు చదువుకునే ఊరు చూద్దాం, ఇంగ్లాండ్ పోదాం రమ్మని మా ఆయన టికెట్లు తీశారు. ఆరోగ్యం బాగాలేదని చెప్పి నేను ఆగిపోయాను. ఆరోగ్యం బాగానే ఉంది. ఆ గేటు దగ్గర ఆగిపోయిన ఆమె అక్కడ వీధిలో ఎదురైతే, నవ్వుతూ ఉంటే, ఇంటికి వెళ్లాల్సింది మా ఇద్దరిలో ఎవరో నేను చెప్పలేను.