సందులోకి వచ్చిన అరుగు

జోడ్‌భావి పేటలో నాన్న వదిలిపోయిన జాగా ఒక్కటే. దాన్ని అన్నా నేనూ రెండుగా పంచుకున్నాం. రోడ్డు వైపు నా తువ్వాళ్ళ కొట్టు. వెనక అన్న ఇల్లు, రెండు మరమగ్గాల షెడ్డు. పంపకం ఇంట్లో మాట మీద అయిపోయింది కానీ, పాలిక, అంటే మున్సిపాలిటీ ఆఫీసు, ఆ పంపకం నక్షాను మంజూరు చేస్తేనే వెనక భాగానికి వేరే కరెంటు మీటరు వస్తుంది. కొట్టు మీటరు మీద మగ్గాలు ఇక నడపనిచ్చేది లేదని కరెంటువాళ్ళు తేల్చి చెప్పారు. మంజూరు కాకపోతే షెడ్డుకు తాళమే.

అడ్డమొచ్చింది సందు. నా కొట్టు పక్కనుంచి వెనక్కి పోయే ఆ దారి, గోడ నుంచి గోడకు కొలిస్తే, ఉండాల్సిన దానికన్నా జానెడు తక్కువ. ఆ జానెడు మినహాయింపుకు అర్జీ పెట్టుకోవాలి. అన్నకు మాట్లాడటం రాదు, నాకు మాట్లాడకుండా ఉండటం రాదు. అందుకని ఆ పని నేనే నెత్తినేసుకున్నాను.

దుకాణాల మధ్య పెరిగినవాణ్ణి. అవతలివాడు సగానికి కోస్తాడని తెలిసి రెట్టింపు చెప్పడం నాకు ఊపిరి పీల్చినంత సహజం. జానెడు అడిగితే పాలిక ఇంజనీరు సాహెబు బెత్తెడు ఇస్తాడు, రెండు మూరలు అడిగితే తగ్గించి తగ్గించి జానెడు దగ్గర ఆగుతాడు అనుకున్నాను. నక్షా గీసే ఆయనతో సందును రెండు మూరలు తక్కువగా గీయించాను. నిజంగా ఇంత ఇరుకా అని ఆయన అడిగితే, మీరు గీయండి, బేరం సంగతి నేను చూసుకుంటానన్నాను.

విచారణ రోజు ఇంజనీరు సాహెబు నక్షా మీద వేలు పెట్టి మరాఠీలో నెమ్మదిగా చెప్పాడు. జానెడు దాకా వదిలేయడం తన చేతిలో ఉంది, రెండు మూరలు లేదు, కాబట్టి అర్జీ కొట్టేస్తున్నాడు. ధర వినగానే మారుమాట లేకుండా చెప్పులేసుకుని పోయే గిరాకీలాగా ఉన్నాడు. బేరమే ఆడనివాడితో ఏం చేయాలో నాకెవరూ నేర్పలేదు. నిజానికి జానెడే తక్కువ సాహెబ్ అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి, అయితే నక్షా అబద్ధమా అని అడిగాడు. అవునంటే తప్పుడు అర్జీ. కాదంటే షెడ్డుకు తాళం.

అప్పుడు నా వెనక నిలబడ్డ అన్న నోరు విప్పాడు.

"మా తమ్ముడు దుకాణపోడు సాహెబ్. ఏదైనా రెండింతలు జేసి చెప్తడు. మీరే వచ్చి కొల్వుండ్రి."

పక్కన రాసుకుంటున్న గుమాస్తా నవ్వాడు. సాహెబు నవ్వలేదు. రేపు పొద్దున వస్తానని, ఆఖరి మాట అక్కడే చెప్తానని లేచాడు.

ఇంటికి రాగానే సంగతంతా వదినకు తెలిసింది. "మరిదీ, పిల్లను జూడ పోయినప్పుడు నీ సంపాదన గూడ గిట్లనే చెప్పినవా?" అంది. వెంటనే గొంతు మారింది. "మగ్గం మీద పడుగు రేపటికి అయిపోతది. పొద్దుగాల కొత్త పడుగు బీము వస్తది. ఎక్కియ్యాల్నా వద్దా, గది చెప్పు."

రేపు సాహెబు కొలిచాక చెప్తానన్నాను.

పొద్దున సాహెబు టేపు తెచ్చాడు. ఒక కొస నా చేతికిచ్చాడు. నేను అలవాటుగా సందు లోపలికి నడిచి, రెండు పక్కలా ఖాళీ గోడలున్నచోట దాన్ని పెట్టబోతున్నాను. అంతలో తోపుడు బండి మీద, పడుగు చుట్టిన బీము వచ్చింది. ఇద్దరు హమాలీలు దాన్ని భుజాలకెత్తుకున్నారు. సందు మొదట్లో ముందువాడు ఏమీ అనకుండానే తన కొస పైకెత్తాడు, వెనకవాడు వంగాడు. బీము నిలువుగా లేచి, మలుపు తిరిగి, మళ్ళీ అడ్డంగా పడుకుని లోపలికి పోయింది. ఏళ్ళ తరబడి చూస్తున్నాను, ఎందుకలా చేస్తారని ఎన్నడూ అనుకోలేదు. సాహెబు అనుకున్నాడు. తిరిగొచ్చిన హమాలీని అడిగాడు.

"ఈడ అరుగున్నది గద సాబ్," అన్నాడు వాడు, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

సందులోకి పొడుచుకొచ్చిన నా కొట్టు అరుగు. తువ్వాళ్ళు పేర్చి గిరాకీని ఆపేది దాని మీదే. నాన్న కూర్చుని బేరాలు తెంపిందీ దాని మీదే. సాహెబు టేపు కొసను నా చేతిలోంచి తీసుకుని అరుగు అంచుకు పెట్టాడు. రెండు మూరలు తక్కువ. వేలెడు అటో ఇటో. అబద్ధమని నేను గీయించింది నిజమై కూర్చుంది. ఎవరి కొట్టు వాళ్ళకు అడ్డంగా కనిపించదు మరి.

సాహెబు సుద్దముక్కతో అరుగు నా కొట్టు గోడను తాకేచోట గీత గీశాడు. అరుగు అక్కడిదాకా పోవాలి, అంటే మొత్తం పోవాలి. అప్పుడు తక్కువయ్యేది జానెడే, దానికి తాను సంతకం పెడతాడు. లేదంటే లేదు.

"సగం దాకా..." అని నోట్లోంచి వచ్చేసింది.

సాహెబు టేపు చుట్టడం మొదలుపెట్టాడు. అన్న నేల చూస్తున్నాడు. లోపల మగ్గం ఆగింది. పడుగు అయిపోయింది. వదిన గుమ్మంలోకి వచ్చింది.

"మరిదీ, బీము ఇంట్లకు వచ్చింది. ఎక్కియ్యమంటవా, మర్లగొట్టమంటవా?"

"ఎక్కియ్యి వదినా," అన్నాను.

అరుగు మీది తువ్వాళ్ళు ఎత్తడం మొదలుపెట్టాను. అన్న వచ్చి రెండో దొంతర తీసుకున్నాడు. మధ్యాహ్నానికి తాపీ మేస్త్రి వచ్చి ఎంతమేర కొట్టాలని అడిగాడు. గీత దాకా అన్నాను. ఎక్కువా చెప్పలేదు, తక్కువా చెప్పలేదు.