తడి ఆకుల మీద నడక

దెయ్యాలు లేవని వాదించడం నేను మాటలతో పాటే నేర్చుకున్నాను. మా నాన్న నన్ను భుజాన కూర్చోబెట్టుకుని హేతువాద సభలకు తీసుకెళ్లేవారు. పదహారేళ్లకే, సోదె చెప్పే ఒకాయనకు వేదిక మీద ప్రశ్నలతో చెమటలు పట్టించాను. మూఢనమ్మకాల మీద రాసిన వ్యాసాల్లో ఒక్క వాక్యం కూడా ఇవాళ్టికీ వెనక్కి తీసుకోను. ఇది చదివేవాళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మేముండేది జర్మనీలో, కార్ల్స్‌రూహెలో. రెండున్నరేళ్ల కిందట మాకు పాప పుట్టింది, ఊపిరి లేకుండా. తంతులేవీ వద్దన్నాను. పేరు కూడా దేనికన్నాను. నా భార్య విమల దీపం పెట్టుకుంటానంటే, అది ఎవరికి కనబడుతుందని అడిగాను. మంచి ప్రశ్నే వేశాననుకున్నాను.

ఆమె మళ్లీ పాప మాట ఎత్తలేదు. కౌన్సెలర్ దగ్గర నేను అపాయింట్‌మెంట్ తీసుకుంటే వెళ్లలేదు. ఆఫీసు, వంట, నిద్ర. నాతో మాట్లాడేదల్లా, కూరలో ఉప్పు సరిపోయిందా అని.

కిందటి ఏడు ఆకులు రాలే కాలంలో, పై అంతస్తులో ఉండే ఊర్సులా గారు విమలను ఆదివారం నడకకు పిలిచారు. డెబ్బై దాటిన మనిషి. చర్చి మానేసి, చెట్లనూ ఋతువులనూ కొలిచే పాత మతం పట్టుకున్నారు. ట్రామ్ ఆఖరి స్టాపులో దిగితే ఓక్ చెట్ల అడవి. ప్రతివారం అదే దారి. చివర ఒక మొద్దు దగ్గర ఆగి, పోయినవారం నుంచి ఏది వెళ్లింది, ఏది వచ్చింది, ఒక్కొక్కటి పైకి చెప్పాలి. అదే ఆవిడ పూజ.

విమలకు ఏం నూరిపోస్తారోనని నేనూ వెంట వెళ్లాను. చనిపోయినవాళ్లు ఆకులు రాలే ఈ వారాల్లో మనతో నడుస్తారని ఆవిడ అంటే, స్టాపు నుంచి మొద్దు దాకా ఖండించాను.

"దేవుడు లేడని చెప్పడానికి మీరు పడే కష్టం, ఉన్నాడని చెప్పడానికి మా పాస్టర్ కూడా పడడు" అన్నారావిడ.

విమల నవ్వింది. ఏడాదిన్నర తర్వాత.

అందుకే ప్రతివారం వెళ్లాను. కందిరీగలు వెళ్లాయి, పుట్టగొడుగులు వచ్చాయి అనేవారు ఊర్సులా గారు. చలికాలం కోసం గడియారాలు ఒక గంట వెనక్కి జరిపిన వారం, ఒక గంట వచ్చింది, అంతే, అన్నాను నేను. విమల ఏమీ చెప్పేది కాదు.

మూడో ఆదివారం, మా వెనక ఎండుటాకుల మీద ఇంకో నడక వినిపించింది. చిన్న అడుగులు. గబగబా నాలుగు, ఆగి రెండు. మేం ఆగితే ఒక క్షణం ఆలస్యంగా ఆగేవి. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఉడుత అనుకున్నాను. ప్రతిధ్వని అనుకున్నాను.

తర్వాతి వారమంతా వాన. ఆదివారానికి ఆకులు నానిపోయి చాపలా పరుచుకున్నాయి. కావాలనే కాలు ఈడ్చి చూశాను, చప్పుడు లేదు. ఊర్సులా గారి కర్ర మెత్తగా దిగబడుతోంది.

ఆ తడిలో, మా వెనక, ఎండుటాకులు గలగలమన్నాయి. నాలుగు. ఆగి, రెండు.

భయపడ్డానని రాయడానికి సిగ్గుపడను. వేగం పెంచాను. విమల నా చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ, మెల్లిగా. అది అంత వేగంగా రాలేదు."

"ఎప్పట్నుంచి వినిపిస్తోంది నీకు?"

"మొదటి వారం నుంచీ. చెబితే వాదిస్తారుగా."

అప్పుడు గమనించాను. అన్ని వారాలూ ఆమె చిన్న చిన్న అడుగులే వేస్తోంది. నీరసం అనుకున్నాను నేను.

మొద్దు దగ్గర ఆమె మొదటిసారి నోరు విప్పింది, తెలుగులోనే. "వెళ్లింది మా పాప. వచ్చింది దాని నడక." తర్వాత చాలాసేపు ఏడ్చింది. ఊర్సులా గారికి ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ కర్ర పక్కన పెట్టి ఆమెను పట్టుకుని కూర్చున్నారు.

ఆ సాయంత్రం విమల దీపం పెట్టింది. ఎవరికి కనబడుతుందని నేను అడగలేదు.

దుఃఖం చెవిని మోసం చేస్తుందని నాకు తెలుసు. అయితే ఇద్దరి చెవులూ ఒకే లెక్కన ఎలా మోసపోతాయి? ఊర్సులా గారిని అడిగితే తనకేమీ వినబడలేదన్నారు. నమ్మే మనిషికి వినబడలేదు, నమ్మనివాడికి వినబడింది.

చెట్లు పూర్తిగా బోసిపోయాక ఆ చప్పుడు మళ్లీ రాలేదు. ఆత్మలు లేవనే ఇవాళ్టికీ అంటాను.

ఈ ఏడు ఓక్ ఆకులు మళ్లీ పసుపెక్కాయి. ఆదివారాలు ముగ్గురం వెళ్తున్నాం. నేనూ చిన్న అడుగులే వేస్తున్నాను.