మా పెద్దరికం, నాలుగు జీబీ ర్యామ్

మా ముత్తాత జమ్మలమడుగు చుట్టూ ఏడు ఊళ్లకు పెద్ద. పంచాయతీలో ఆయన గొంతు సవరించుకుంటే తీర్పు వచ్చేసినట్టే. మా తాత కచేరీ గడప ఎన్నడూ తొక్కలేదు. కచేరీ నౌకర్లే కాగితాలు పట్టుకుని ఆయన అరుగు దగ్గరికి వచ్చేవాళ్లు. మా నాన్న అదే అరుగు మీద కూర్చుని, ఒకప్పుడు ఎవరెవరు వచ్చేవాళ్లో వచ్చినవాళ్లకు చెప్పేవాడు. వాళ్లూ రావడం మానేశాక మాకు చెప్పేవాడు. ఆ వరసలో నేను నాలుగోవాణ్ణి. నా మాట వినేవాళ్లు నలుగురు. అదీ ఆదివారం మధ్యాహ్నాలు, కంప్యూటర్‌లో, తుపాకుల ఆటలో.

మా జట్టులో ఒక దర్జీ, ఒక మందుల షాపాయన, అన్నదమ్ములైన ఇద్దరు టీచర్లు. అందరం జమ్మలమడుగు వాళ్లమే. ఎవరింట్లో వాళ్లం కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆడతాం. నాయకుణ్ణి నేను. ఎందుకని ఎవరూ అడగలేదు. దర్జీ వాళ్ల తాత మా తాతకు చొక్కాలు కుట్టాడు, తండ్రి మా నాన్నకు కుట్టాడు. నేను రెడీమేడ్ కొంటాను. అయినా మర్యాద మిగిలింది.

మా ఊళ్లో ఒక ఆచారం ఉంది. పీర్ల పండగకైనా, దేవుడి రథానికైనా, ఊరేగింపు కదలాలంటే మా ఇంటి మనిషి మొదటి అడుగు వేయాలి. మా నాన్నకు మోకాళ్లు పట్టేసిన ఏడు, ఆయన చెప్పులు వెతుక్కుని బయటికి వచ్చేదాకా డప్పులవాళ్లు ఉన్నచోటే నిలబడి వాయించారు. ఎవరూ చెప్పకుండానే ఆ ఆచారాన్ని నా జట్టు ఆటలోకి తెచ్చుకుంది. ఆట మొదలయ్యే ఇంటి గడప నేను దాటందే ఎవరూ దాటరు.

చిక్కేమిటంటే, నా కంప్యూటర్ నన్ను దాటనివ్వదు. ఆట మొదలవగానే మిగతా నలుగురి తెరల మీద వీధులు, గోడలు, మెట్లు కనిపించేవి. నా తెర మీద గుండ్రంగా ఒక చక్రం తిరిగేది. వాళ్లు తుపాకులు పట్టుకుని, కదలని నా బొమ్మ చుట్టూ ముహూర్తం కోసం చూస్తున్న పెళ్లివారిలా నిలబడేవాళ్లు. ఈలోగా పులివెందుల జట్టు వచ్చి అందర్నీ కాల్చేసి పోయేది. నా తెర తెరుచుకునేసరికి నాకు కనిపించేవి సాధారణంగా మా శవాలే.

పులివెందుల జట్టువాళ్లవి చీనీ తోటలు, అదే బత్తాయి. బోరు ఎండిందని నిన్నటిదాకా ఏడ్చినవాళ్లే, కాయకు ధర పలికిన ఏడు అందరికందరూ కొత్త కంప్యూటర్లు కొన్నారు. మమ్మల్ని ‘ఫోటో జట్టు’ అనేవాళ్లు. ఒకసారి ఆట మధ్యలో వాళ్లలో ఒకడు మైకులో చాలా వినయంగా అడిగాడు.

“ఏం మామా, ఫోటో తీయడం అయిందా? ఇంక కాల్చొచ్చునా?”

ఆ నెలలో ప్రొద్దుటూరులో ఒక షాపువాళ్లు, ఎవరింట్లో వాళ్లు కూర్చునే ఆడేలా, పోటీ పెట్టారు. పులివెందుల మీద మళ్లీ ఓడితే నాయకుణ్ణి మార్చుకుందామని మావాళ్లు అనుకుంటున్నట్టు మందుల షాపాయన, తలనొప్పి మాత్రలు పొట్లం కడుతూ, నా చెవిన వేశాడు. ఏడు ఊళ్ల పెద్దరికం నలుగురు మనుషులకు దిగింది. ఆ నలుగురూ పోతే నా కింద ఉండేది కుర్చీ ఒక్కటే.

తప్పు నెట్టుదేనని తేల్చాను. నెట్టు కనెక్షన్ ఇచ్చినతన్ని పిలిపించి మూడుసార్లు వైరు మార్పించాను. మూడోసారి అతను తెర మూలన ఒక అంకె చూపించి, ఇది ఎంత తక్కువుంటే నెట్టు అంత చురుగ్గా ఉన్నట్టని, ఇంతకంటే తక్కువ ఈ ఊళ్లో ఎవరికీ లేదని చెప్పాడు. అంకె అబద్ధం చెబుతోందన్నాను. అతను నాకు నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

ఇక కంప్యూటర్ పెట్టెను ఆటోలో వేసుకుని ప్రొద్దుటూరు వెళ్లాను. అక్కడ కువైట్‌లో పన్నెండేళ్లు పనిచేసి వచ్చిన ఒక సాయిబు కంప్యూటర్లు బాగుచేస్తాడు. నా పెట్టెకు పక్కన అద్దం, లోపల రంగురంగుల లైట్లు. ఇంట్లో దానికి తగ్గ వెడల్పాటి తెర, వెలిగే కీబోర్డు, సింహాసనం లాంటి కుర్చీ. డబ్బంతా వాటికే పెట్టాను. లోపల మాత్రం మా నాన్న కాలం నాటి సరుకే సర్దించాను, ఎవరు చూడొచ్చారని. మా ఇంటి ముందు గోడకు ఏటా సున్నం పడుతుంది. వెనక వసారా కూలి ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు.

సాయిబు మూత తీసి చాలాసేపు చూశాడు.

“ఈ లైట్లు ఎన్ని రంగులు మారతాయి మామా?”

పదహారని చెప్పాను.

“శానా బాగుండాయి. ర్యామ్ నాలుగు జీబీనే ఉంది. గ్రాఫిక్స్ కార్డు ల్యా. బొమ్మలు గీసే పని గూడా ఈ ముసిలి ప్రాసెసరే చేస్తాంది. పందిరి బాగేసినావు మామా, పెండ్లికొడుకే ల్యాడు.”

ఆలస్యం రెండు రకాలని అతను చెప్పాడు. కాల్చిన గుండు ఆలస్యంగా తగిలితే అది దారిలో, అంటే నెట్టులో జరిగే ఆలస్యం. తెరే అతుక్కుపోయి కుదుపులతో కదిలితే అది ఇంట్లో జరిగే ఆలస్యం. పాత హార్డ్ డిస్కు ఆటను నెమ్మదిగా చదువుతోంది, అందుకే ఆ చక్రం. ఫ్యాను కింద దుమ్ము పేరుకుని ప్రాసెసర్ వేడెక్కుతోంది, వేడెక్కితే అది తన వేగం తానే తగ్గించుకుంటుంది. దుమ్ము ఊరికే ఊది పెట్టాడు. డిస్కు, ర్యామ్, కార్డు మార్చక తప్పదన్నాడు. ఆలోచిస్తానన్నాను. మా ఇంట్లో లేదు అనే మాటకు బదులు నలభై ఏళ్లుగా వాడుతున్న మాట అది.

పోటీ రోజున, ఆట ఇంకా మొదలవకముందే, దర్జీ గొంతు వినిపించింది.

“అప్పా, ఏమనుకోవద్దు. ఈ పొద్దు మేము ముందు పోతాండాం. నీ పెట్టె తెరుచుకున్నంక నువ్వు రా.”

అతని వంశంలో మా వంశానికి అలా చెప్పినవాడు లేడు. నేను గొంతు సవరించుకున్నాను. ఒప్పుకున్నానని అనుకున్నారు. చక్రం తిరుగుతుండగా చెవిలో మావాళ్ల కేకలు, కాల్పులు వినిపిస్తూనే ఉన్నాయి. తెర తెరుచుకునేసరికి నా చుట్టూ ఎవరూ లేరు. దుమ్ము పోవడం వల్ల కాబోలు, కుదుపులు కాస్త తగ్గాయి. ఎన్నో నెలలుగా ఆడుతున్న ఆటలోని ఆ ఊళ్లో రెండో వీధిని ఆ రోజే చూశాను. మెట్ల దగ్గర పులివెందుల వాళ్లందరూ పడి ఉన్నారు. అప్పటికే గెలిచాం. వాళ్లలో ఒకడు మైకులో, ఫోటో ఎందుకు తీయలేదని అడిగాడు. మావాళ్లలో ఎవరో నవ్వారు. ఎవరో కనుక్కోవాలని నాకు అనిపించలేదు.

నాయకుడు మారాడని ఎవరూ ప్రకటించలేదు. తర్వాతి ఆదివారం అందరి బొమ్మలూ దర్జీ బొమ్మ వైపు తిరిగి నిలబడ్డాయి. అతను గడప దగ్గర ఒక్క క్షణం వెనక్కి తిరిగి, అతుక్కుపోయి ఉన్న నన్ను చూసి, వెళ్లిపోయాడట. మందుల షాపాయన చెప్పాడు. నాకు చక్రమే కనిపించింది. వెనక నడవడానికి సిద్ధపడ్డాను. కానీ వెనక నడవడానికైనా నడిచే కంప్యూటర్ కావాలి.

ఆ బుధవారం మా ఇంటి పెళ్లిళ్లలో నీళ్లు కాచిన ఆరు ఇత్తడి గంగాళాలను ప్రొద్దుటూరు తీసుకెళ్లి తూకానికి అమ్మాను.