తుతిక్ 'కుదరదు' నేర్చిన నెల

నూడుల్స్ అట్టపెట్టెను తుతిక్ కత్తెరతో పేకముక్కలంత ముక్కలుగా కోస్తోంది. ఒక్కో ముక్క మీద ఒక ప్రశ్న, వెనక జవాబు. ఆఫీసు భోజనాల బల్ల మీద అప్పటికే అరవై దాటాయి. పుస్తకం చదివితే ఆమెకు నిద్రొస్తుంది. చేత్తో రాసుకుంటే మాత్రం మరిచిపోదు.

ఇండోనేషియాలోని సురబాయ రేవులో కంటైనర్ లారీల కోసం సాఫ్ట్‌వేర్ చేసే ఆఫీసు అది. పద్నాలుగేళ్ల కిందట గిడ్డంగిలో సరుకు సరిచూసే పనికి చేరిన తుతిక్, పక్కవాళ్లను చూస్తూ సాఫ్ట్‌వేర్ పరీక్షించడం నేర్చుకుంది. రెండేళ్లుగా ఏడుగురి జట్టును నడుపుతున్నదీ ఆమే. ఇప్పుడు ఖాతాదారు కంపెనీ ఒక మెలిక పెట్టింది. పనిని జట్టే పంచుకుని చిన్న విడతల్లో ముగించే అజైల్ పద్ధతిలో జట్టు నడిపేవారికి సర్టిఫికెట్ ఉండి తీరాలి. నెలాఖరులోగా తేకపోతే ఆ కుర్చీ మేనేజరు హర్సోయో తెచ్చిన కొత్త పట్టభద్రుడిది.

"అది ఇంగ్లీషు పరీక్ష, ఇబు తుతిక్. ఎందుకమ్మా ఈ వయసులో శ్రమ?" 'అమ్మగారూ' అన్నట్టు 'ఇబు' అని పిలుస్తూనే నవ్వాడు హర్సోయో.

ఆ నవ్వే ఆమెను చదువుకి కూర్చోబెట్టింది.

ఎనభై ప్రశ్నల్లో అరవై ఎనిమిది సరిగ్గా రాయాలి. మాదిరి పరీక్షలో మొదటిసారి యాభై ఒకటి వచ్చాయి. రెండోసారీ యాభై ఒకటే. ప్రోగ్రామర్ సుగెంగ్ తప్పుపోయిన ప్రశ్నల ముక్కలన్నీ విడిగా పేర్చి పకపకా నవ్వాడు.

"అక్కా, నీ జబ్బు ఇంగ్లీషు కాదు. ఇదిగో చూడు. రెండు వారాల విడత మధ్యలో మేనేజరు కొత్త పని తెస్తే? 'తీసుకోవాలి' అట! ఏ పని ఎవరు చేయాలో ఎవరు తేల్చాలి? 'మేనేజరు' అట! అన్నిటికీ తలూపేశావు. మర్యాదకి పేరుపడ్డ మీ సోలో ఊరివాళ్లు ఇల్లంటుకున్నా మంటని 'కాస్త పక్కకి జరుగుతారా' అని అడుగుతారు."

"పెద్దవాళ్లకి కుదరదని ఎలా చెప్తాంరా?"

"పరీక్ష కాగితానికి కూడా చెప్పలేకపోతున్నావు కదక్కా!"

పద్నాలుగేళ్లుగా ఆఫీసులో చేస్తున్నదే ఆమె రాసింది. చదివితే పోయే అలవాటు కాదది. చేసి పోగొట్టుకోవాలి.

మర్నాడు పొద్దున జట్టంతా పనుల బోర్డు ముందు నిలబడి ఉండగా హర్సోయో వచ్చాడు. "ఇబు, లారీల ఆలస్యం చూపించే పేజీ ఒకటి కావాలి. శుక్రవారానికల్లా."

అందరూ ఆమె తలూపుతుందనే చూశారు.

"కుదరదు, బాపక్." 'అయ్యా' అన్న మర్యాద మాత్రం వదల్లేదు. "బోర్డు మీద పదకొండు పనులున్నాయి. ఇది పెట్టాలంటే ఒకటి తీయాలి. ఏది తీయాలో మాతో కూర్చుని తేల్చండి."

"ఎప్పుడూ అన్నీ చేసేవాళ్లేగా?"

"ఆదివారాలు వచ్చి చేసేవాళ్లం. ఇక రాము."

"పరీక్ష పాసవకముందే ఇంత పొగరా?"

"పాసవడానికే, బాపక్."

హర్సోయో బోర్డు మీది పనులు ఒక్కొక్కటిగా చదివాడు. చివరికి కొత్త పనిని తర్వాతి విడత కింద తానే రాసి వెళ్లిపోయాడు. ఆ వారం మాదిరి పరీక్షలో ఆమెకు అరవై నాలుగు వచ్చాయి. ఆ పై వారం డెబ్బై.

నెలాఖరు గురువారం సమావేశం గదికి లోపల గడియ పెట్టుకుని కంప్యూటర్లో అసలు పరీక్షకు కూర్చుంది. ఉన్నది గంట. సగంలో హర్సోయో తలుపు తట్టాడు. "రెండు నిమిషాల పనే, ఇబు!"

"గంటయ్యాక, బాపక్!" అని కేకేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లింది.

డెబ్బై మూడు వచ్చాయి. సర్టిఫికెట్ రెండు ప్రతులు అచ్చు తీసి నేరుగా హర్సోయో గదికి నడిచింది. ఒకటి ఆయన చేతికిచ్చి, రెండోది ముందు పెట్టింది.

"నెలాఖరులోగా అందినట్టు ఇక్కడ సంతకం చేయండి, బాపక్."

ఆయన కలం తీశాడు.